వేళకు ముందే వచ్చే చప్పుడు

ఖరగ్‌పూర్‌లో పూరీ గేట్ దగ్గర నివసించే ఆ విశ్రాంత రైల్వే ఉద్యోగికి చెవే పనిముట్టు. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి, ఉద్యోగకాలమంతా ఆగిన బండి పక్కన నడుస్తూ, చక్రాలను సుత్తితో తట్టి, మోతలోని తేడాను బట్టి పగులును పసిగట్టేవాడు. అటువంటి మనిషి తన గుండె చప్పుడును మాత్రం మూడు నెలలపాటు వినీ విననట్లు ఊరుకున్నాడు.

రాత్రివేళ ఎడమ పక్కకు ఒత్తిగిలితే గుండె ఒక్క క్షణం ఆగినట్లుండేది. వెంటనే లోపల ఎవరో గుద్దినట్లు ఒక దెబ్బ. పక్షవాతంతో మంచాన పడి కన్నుమూసిన అన్నగారు జ్ఞాపకం వచ్చేవాడు. ఒకనాటి రాత్రి భార్య అడిగింది: “ఏమండీ, నిద్రపోకుండా నాడి చూసుకుంటున్నారెందుకు?”

మర్నాడు వైద్యుడు నవ్వి చెప్పాడు: “మీ గుండె ఆగడం లేదు. ఒక స్పందన వేళకు ముందే వస్తోంది.”

ముందుగా వచ్చిన స్పందనకు గుండెలో రక్తం నిండే వ్యవధి ఉండదు. అందుచేత నాడికి అది అందదు. ఆ తరువాతి విరామంలో రక్తం ఎక్కువగా నిండుతుంది; మరుసటి దెబ్బ బలంగా తగులుతుంది. తప్పిపోయిందనుకున్నది నిజానికి అదనంగా వచ్చినది!

కొన్ని సెకన్ల ఈసీజీలో ఏమీ కనబడలేదు. అమెరికన్ శాస్త్రజ్ఞుడు నార్మన్ హోల్టర్ పేరిట వాడుకలో ఉన్న యంత్రాన్ని ఒక రోజంతా ఛాతీకి తగిలించారు. గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. వాటిలో కొన్ని అదనపు స్పందనలు దాదాపు అందరికీ ఉంటాయి; చాలావరకు అవి నిరపాయకరమే. కాని ఆయనకు అవి గుండె పై గదుల నుంచి, గంటకు 30కి మించి వస్తున్నాయి.

కోపెన్‌హేగన్‌లో 55 నుంచి 75 ఏళ్ళ మధ్య వయసున్న 678 మంది ఆరోగ్యవంతులను పరిశీలించి, 2010లో ఫలితాలు ప్రకటించారు. గంటకు 30 లేదా అంతకు మించి ఇటువంటి స్పందనలున్నవారిలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్, పక్షవాతం ఎక్కువగా కనిపించాయి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటే పై గదులు లయతో ముడుచుకోక గజగజ వణకడం. ఊపిరితిత్తుల నుంచి గుండెకు రక్తం తెచ్చే సిరల్లో పుట్టే అదనపు స్పందనలే తరచు ఆ వణుకుకు నాంది అని 1998లో ఫ్రాన్సులోని బోర్డో వైద్యులు చూపించారు. అలా వణికే గదిలో రక్తం నిలిచి గడ్డకడుతుంది. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. ఆ ముప్పు సుమారు ఐదు రెట్లు పెరుగుతుంది.

అయితే హెచ్చరిక వేరు, వ్యాధి వేరు. ఆయనకు ఇంకా ఆ వ్యాధి రాలేదు కనుక రక్తం గడ్డకట్టకుండా చేసే మందులు ఇవ్వలేదు. రక్తపోటును అదుపులో ఉంచుకోవాలి, మద్యం మానాలి, అప్పుడప్పుడు గుండె లయను మళ్ళీ నమోదు చేయించుకోవాలి. నాడి క్రమం పూర్తిగా తప్పితే వెంటనే ఈసీజీ తీయించాలి. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి చేరాలి.

ఇప్పుడు ప్రతి ఉదయం ఆయన మణికట్టుపై మూడు వేళ్ళు ఆనించి, గోడ గడియారం చూస్తూ నిండు నిమిషం నాడి లెక్కిస్తాడు. భార్య టీ గ్లాసుతో నిలబడి ఉంటుంది.

“సరిగా ఉందా?”

“ఒకటి వేళకు ముందే వచ్చింది. తక్కినవన్నీ టైముకే,” అంటూ గ్లాసు అందుకుంటాడు.