సంధికీ ఒక కొలత ఉంది

జ్వరమెంతో థర్మామీటరు చెబుతుంది. మరి పెద్దవారికి ఉన్నట్టుండి సంధి పుట్టి మాట తప్పితే, అదెంతో ఎలా తెలుసుకోవాలి?

మా అత్తమ్మగారికి తుంటి ఎముక విరిగి ఆపరేషను జరిగింది. రెండవ రాత్రి ఆమె నన్ను గుర్తుపట్టలేదు. "గొడ్లు చేలో పడ్డాయి, తోలండి" అంటూ సెలైను సూది పీకబోయారు. చూడవచ్చిన వారిలో ఒకరు మతి పోయిందన్నారు, మరొకరు గాలి సోకిందన్నారు. నేను వెంటనే సిస్టరుగారిని పిలిచాను.

ఆమె ప్రక్కన కూర్చుండి వారాల పేర్లు వెనుకనుండి చెప్పమన్నారు. అత్తమ్మ "ఆదివారం, శనివారం" అని ఆగి, మళ్లీ గొడ్ల మాటే ఎత్తారు. తరువాత సిస్టరుగారు నన్నడిగారు: "ఎప్పుడు మొదలైంది? పగలెలా ఉన్నారు?"

ఈ పద్ధతిని 1990లో అమెరికా వైద్యురాలు షారన్ ఇనౌయె, ఆమె తోటివారు ఏర్పరచారట. దానితో తీవ్రతను లెక్కించే విధానం 2014లో వచ్చింది. చూసేవి నాలుగే. మార్పు హఠాత్తుగా వచ్చి, ఎక్కువ తక్కువ అవుతూ ఉంటే ఒక మార్కు. మనసు నిలపలేకపోవడం, పొంతనలేని మాటలు, మెలకువలో తేడా – వీటికి ఒక్కొక్కదానికి సున్న నుండి రెండు. మొత్తం ఏడు. ఎంత ఎక్కువైతే అంత ప్రమాదం.

అత్తమ్మకు ఐదు వచ్చింది. ప్రక్క మంచం మీద ఒక పెద్దమ్మ గొడవ చేయక మగతగా పడి ఉండేది. "హాయిగా నిద్రపోతోంది" అని ఇంటివారు సంతోషించారు. తట్టి లేపితేగాని కన్ను తెరవని ఆమెకు ఆరు! అరుపును బట్టి జబ్బును కొలవకూడదని అప్పుడే తెలిసింది.

డాక్టరుగారు అత్తమ్మకు మూత్రంలో ఇన్ఫెక్షను ఉందని కనుగొని మందిచ్చారు. మేము కళ్లజోడు పెట్టి, నీళ్లు త్రాగించి, పగలు కిటికీ తెరచి, రాత్రి నిద్ర చెడకుండా చూచాము. ఎవరో ఒకరు చేయి పట్టుకొని కూర్చున్నాము. ప్రతిరోజు లెక్క చూచేవారు. ఐదు మూడైంది, మూడు ఒకటైంది. అయిదవనాడు "అమ్మాయీ, అన్నం తిన్నావా?" అని అత్తమ్మ నన్నడిగారు.

మీ ఇంటి పెద్దవారు ఒక్కరోజులో మారిపోతే, అది ముసలితనమని వదలివేయకండి. ప్రార్థించండి, ఆలస్యం చేయక ఆసుపత్రికీ తీసుకొని వెళ్లండి. నిన్న ఎలా ఉన్నారో, నేడు ఎలా ఉన్నారో చెప్పండి. అది ఇంటివారికే తెలుసు. ఆ కొలత మొదలయ్యేది మీ మాటతోనే.