తట్ట, టోపీ, తాడు

భవన నిర్మాణములో పనిచేసే కూలీలకు రక్షణ నియమములంటే గిట్టదనీ, హెల్మెట్టు ఇస్తే ప్రక్కన పడవేస్తారనీ, బెల్టు ఇస్తే మేకుకు తగిలిస్తారనీ చదువుకొన్నవారి ఇండ్లలో తరచు వినవస్తుంది. అజ్ఞానము, అలవాటు, మొండితనము అని మూడు మాటలలో కారణము తేల్చివేస్తారు. మా అభిప్రాయము వేరు. గత విద్యాసంవత్సరములో మా కళాశాల వెనుక నూతన తరగతి గదుల నిర్మాణము జరిగినంత కాలము, పాఠమునకు పాఠమునకు నడుమ దొరికిన వ్యవధిలో మేము ఆ పనివారితో మాట్లాడుతూ వచ్చాము. వారి విసుగు వెనుక గట్టి లెక్క ఉన్నదని మాకు తోచినది.

వారిలో ఎక్కువమంది పాలమూరువారు. ఆనకట్టలు కట్టిన ప్రతిచోట పాలమూరు కూలీ పేరు తెలుసును. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరము రాతి కట్టడము. అందులోని రాయీ గచ్చూ చాలవరకు మనుష్యుల తలలమీదుగానే పైకి వెళ్ళినవి. ఈనాడు మా తరగతి గదులకు కూడ ఇసుక, మాలు అదే త్రోవన ఎక్కినవి.

పని మొదలైన వారమే గుత్తేదారు గోనెసంచి నిండ పసుపుపచ్చని హెల్మెట్లు తెచ్చి పంచాడు. పెట్టుకోనివారికి రోజుకు 50 రూపాయలు జరిమానా అన్నాడు. మగవారు గొణుగుతూ పెట్టుకొన్నారు. ఆడవారు ఒక్కపూట పెట్టుకొని తీసి వేపచెట్టు క్రింద కుప్పవేశారు. ఎందుకమ్మా అని మేము అడిగితే, వారిలో పెద్దామె ఇట్లా అన్నది:

“సారూ, గీ టోపీ గుండ్రంగ ఉన్నది. దీని మీద చుట్టబట్ట నిలువది. చుట్టబట్ట లేకుంటే తట్ట నిలువది. తట్ట పట్టుకుంటే టోపీ జారుతది, టోపీ పట్టుకుంటే తట్ట జారుతది. రెండు చేతులు దానికే పెడితే నిచ్చెన దేంతోని పట్టుకోవాలె?”

ఈ ప్రశ్నకు గుత్తేదారు వద్ద సమాధానము లేదు. మా వద్ద అసలే లేదు. కుతూహలము కొద్దీ నియమావళి తెప్పించి చూచాము. నిర్మాణ కార్మికుల కొరకు 1996లో చట్టము, దానిని అనుసరించి 1998లో కేంద్ర నియమములు వచ్చినవి. (ఆ చట్టమును 2020 నాటి వృత్తి భద్రతా స్మృతిలో కలిపి, ఆ స్మృతిని 2025 నవంబరు 21 నుండి అమలుకు తెచ్చారు.) ఆ 1998 నియమములలో ఒకచోట, తలపైగాని వీపుపైగాని మోసే బరువు వయోజనుడైన పురుషునికి 55 కిలోలు, స్త్రీకి 30 కిలోలు మించరాదని ఉన్నది. మరొకచోట, పైనుండి వస్తువులు పడే ప్రమాదమున్న స్థలములలో తలకు హెల్మెట్టు ఉండవలెనని ఉన్నది. విడివిడిగా చూస్తే రెండూ మంచి మాటలే. అయితే ఆ బరువూ ఆ హెల్మెట్టూ ఒకే తలమీద ఎట్లా కుదురుతవో ఆ పుస్తకము వ్రాసినవారు ఏ తట్టమోసే స్త్రీనీ అడిగినట్లు లేదు.

భాషలు బోధించేవారము గనుక ఇక్కడ ఒక మాట చెప్పక ఉండలేము. హాజరు, జరిమానా, మజూరీ, గుమాస్తా అనేవి ఉర్దూ ద్వారా తెలుగులోనికి వచ్చిన మాటలు. హెల్మెట్టు, బెల్టు ఆంగ్లము. తట్ట, తాడు మన తెలుగు. ఆజ్ఞ ఒక భాషలో, రక్షణ ఇంకొక భాషలో వచ్చినా, బరువు మాత్రము తెలుగులోనే ఉండిపోయినది.

ఇక బెల్టుల సంగతి. బయటి గోడకు సరుగుడు బాదులతో పరంజా కట్టారు. దానికి ప్రక్క కమ్మీ లేదు, క్రింద వల లేదు. గోడకు గిలాబు చేసే యువ మేస్త్రీ బెల్టు మాకు చూపించి, “బెల్ట్ తో దియే సాబ్, కిస్‌కూ బాంధ్నా?” అన్నాడు. బెల్టు అయితే ఇచ్చారు, దేనికి కట్టుకోవాలి అని. ఉన్న బాదుకే కొక్కెము తగిలిస్తే, మనిషితోపాటు బాదు కూడ వస్తుంది. పైగా గిలాబు పని చదరపు అడుగు లెక్కన గుత్త. నాలుగడుగులు జరిగినప్పుడల్లా కొక్కెము విప్పి మరల తగిలించే సమయము మేస్త్రీ కూలిలోనుండి పోతుందిగాని గుత్తేదారు లాభములోనుండి పోదు.

మా పినతండ్రి కుమారుడు దుబాయిలో సెంట్రింగు పనిచేసి వచ్చాడు. అక్కడ జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నము 12:30 నుండి 3 గంటల దాకా ఎండలో పని నిషేధము. కొక్కెము తగిలించుటకు విసుగు రాలేదా అని అడిగితే, “నెల జీతం భయ్యా, నిదానంగా తగిలించుకున్నా పైసలు తగ్గవు” అని నవ్వాడు. అక్కడి కష్టములు అతడు వేరే చెప్పాడు. అవి ఇంకొక వ్యాసమునకు సరిపోతవి.

నియమములలో చౌకైన భాగము కూలీ ఒంటిమీద వేసేది. ఖరీదైన భాగము గుత్తేదారు కట్టించవలసినది: గట్టి పరంజా, కమ్మీ, వల, కొక్కెము తగిలించే తాడు. మేము చూచినచోట మొదటి భాగమే అమలైనది. ఆ అమలునకు సాక్షిగా ఒక రిజిస్టరు ఉండేది. రక్షణ విషయములు విన్నానని ప్రతి సోమవారము అందులో వేలిముద్ర వేయాలి. కూలీలకు అన్నిటికంటె కోపము ఆ రిజిస్టరు మీదనే. మాకు మొదట కారణము తెలియలేదు.

వానాకాలములో ఒకనాడు ఇరువదేండ్ల కుర్రవాడు మొదటి అంతస్తు పరంజా మీదినుండి జారిపడ్డాడు. తొడ ఎముక విరిగినది. బెల్టు మేకుకు ఉన్నది. గుత్తేదారు గుమాస్తా ఆసుపత్రికి వచ్చి రిజిస్టరు తెరచి, వేలిముద్ర చూపించి, నష్టపరిహారము రాదని, ఇచ్చేది దయతో ఇస్తున్నామని చెప్పాడు. అతని మాటకు చట్టములో కొంత ఆధారము లేకపోలేదు. రక్షణ నియమమును బుద్ధిపూర్వకముగా ధిక్కరించుట వలన గాయమైతే, మరణముగాని శాశ్వత పూర్ణ వైకల్యముగాని కలుగనప్పుడు, యజమానికి బాధ్యత లేదని 1923 నాటి నష్టపరిహార చట్టము చెప్పినది. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో కూడ ఆ మినహాయింపు నిలిచినది. కట్టుటకు చోటులేని బెల్టును కట్టకపోవుట బుద్ధిపూర్వక ధిక్కారమెట్లవుతుందో మాకు బోధపడలేదు. ఆ మాటే అర్జీలో వ్రాసి, ఆ కుర్రవాని తండ్రిచేత కార్మిక కార్యాలయములో ఇప్పించాము. విచారణ ఇంకను తేలలేదు.

అది జరిగిన వారమునకు పనివారే చందా వేసుకొని లావుపాటి నైలాను తాడు కొన్నారు. మెట్ల ప్రక్కనున్న సిమెంటు స్తంభము నుండి చివరి స్తంభము వరకు బిగించి కట్టారు. ఇంజనీర్లు దానిని మెచ్చుకొంటారో లేదో మేము చెప్పలేము. గుత్తేదారు పైసా ఇవ్వలేదు, వద్దని కూడ అనలేదు. మరునాటి నుండి మేకులమీద బెల్టులు కనిపించలేదు; ఒక్కరికి కూడ జరిమానా వేయవలసిన అవసరము రాలేదు.

ఆడవారి హెల్మెట్లు మాత్రము పని పూర్తియైన నాటికి కూడ వేపచెట్టు క్రిందనే ఉన్నవి. ఇసుక, మాలు పైకి లాగుటకు ఒక గిలక వేయిస్తే వీరికి తలబరువు తప్పుతుంది, టోపీ కూడ నిలుస్తుంది గదా అని మేము గుత్తేదారుతో అన్నాము.

“రెండంతస్తులకు గిలక ఎందుకు సార్, మనుషులున్నారు గదా” అన్నాడు.