కార్డుల బడికి వెళ్లొచ్చాం

తిరుపతి నుంచి పీలేరు మీదుగా మదనపల్లె చేరేసరికి ఎండ ముదిరింది. టమాటా క్రేట్ల లారీలు మార్కెట్ యార్డు వైపు బారులు తీరి ఉన్నాయి. అక్కడ బస్సు మారి రిషివ్యాలీ దారి పట్టాం. చీరాల చుట్టుపక్కల పల్లెల్లో ప్రాథమిక బడుల్లో పనిచేసే మేం కొందరం సెలవు పెట్టుకుని, సొంత ఖర్చుతో బయలుదేరాం. జిడ్డు కృష్ణమూర్తి పేరుతో అందరికీ తెలిసిన పెద్ద స్కూలు అక్కడే ఉంది. మేం చూడాలనుకున్నది మాత్రం దాని చుట్టూ పల్లెల్లో నడిచే చిన్న బడుల్ని.

1980లలో పద్మనాభరావు, రమ దంపతులు ఈ బడుల పని తలకెత్తుకున్నారు. ఒక్క గది, ఒక్క టీచరు, ఐదు తరగతుల పిల్లలు. మాకు బాగా తెలిసిన కష్టమే. దానికి వాళ్లు వెతికిన దారిని చూడటానికే అంత దూరం వెళ్లాం.

గదిలోకి అడుగుపెట్టగానే సార్ కనిపించలేదు. కొత్త పాఠం మొదలుపెట్టిన నలుగురు పిల్లల మధ్య ఆయనా చాప మీదే కూర్చుని ఉన్నారు. మిగతా పిల్లలు తలో గుంపుగా ఎవరి పని వాళ్లు చేసుకుంటున్నారు. గోడల కింది భాగమంతా నల్లబల్లే, పిల్లల చేతికందే ఎత్తులో. పైన ఒక పెద్ద చార్టు, దాని మీద బొమ్మలు వరసగా మెట్లు మెట్లుగా ఉన్నాయి. దాన్ని నిచ్చెన అంటారు. ఏడేళ్ల పాప ఒకతి లేచి వచ్చి, నిచ్చెన మీద తన మెట్టు వెతుక్కుని, అక్కడున్న బొమ్మనూ అంకెనూ చూసుకుని, అరలోంచి అదే గుర్తున్న కార్డు తీసుకుంది. ఆ కార్డు పని ఏ గుంపులో చేయాలో ఎవర్నీ అడగకుండా వెళ్లి కూర్చుంది. ఒక గుంపుకి సార్ పూర్తిగా తోడుంటారు, ఇంకోదానికి కొంచెం. ఒక గుంపులో పెద్ద పిల్లలే చిన్నవాళ్లకి చెబుతారు, మరొకచోట ఎవరికి వాళ్లే.

"ఎన్నో తరగతి తల్లీ?" అని అడిగాను.

"ఈడుండా సార్," అని నిచ్చెన మీద వేలు పెట్టి చూపించింది.

ఆ జవాబు నన్ను చాలాసేపు వదల్లేదు. ఆ ప్రాంతంలో చెనక్కాయలు పీకే రోజుల్లో పిల్లలు పొలానికి పోతారు. తిరిగొచ్చాక, ఆపిన కార్డు దగ్గరే మళ్లీ మొదలుపెడతారు. మా బడుల్లో అలా మానేసి వచ్చిన పిల్లకి అప్పటికే పుస్తకంలో రెండు పాఠాలు దాటిపోయి ఉంటాయి. అక్కడ మొదలైన వెనకబాటు ఐదో తరగతి దాకా వెంటాడుతుంది. పిల్లకి చదువు రాలేదని మనం రిజిస్టర్లో రాసుకుంటాం. అది అన్యాయం అని ఆ గదిలో కూర్చున్నప్పుడు నాకు గట్టిగా తోచింది.

ఈ పద్ధతి ఇక్కడే ఆగిపోలేదు. 1995 ప్రాంతంలో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట తాలూకా టీచర్లు వచ్చి ఈ బడులు చూశారు. వెనక్కి వెళ్లి కన్నడంలో కార్డులు సొంతంగా రాసుకున్నారు. అదే నలి-కలి. తరవాత అది కర్ణాటక అంతటికీ పాకింది. 2003లో చెన్నై కార్పొరేషన్ కమిషనర్ ఎం.పి. విజయకుమార్ తన టీచర్లను ఇక్కడికి పంపారు. అక్కడ 13 బడుల్లో మొదలైంది, 2007-08 నాటికి తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక బడులన్నిటికీ చేరింది. ఈ రెండు చోట్లా పద్ధతిని తమ బడులకు తెచ్చుకున్నది టీచర్లే. వాళ్లు ఇంకొకరి తరగతిలో కూర్చుని చూశారు, తమ పిల్లలకు సరిపోయేలా తమ చేత్తో మార్చుకున్నారు.

ఈ ప్రయాణం దాకా మాకు ఆ అవకాశం ఎప్పుడూ దొరకలేదు. ఒకసారి మా బడికి పైనుంచి అట్టపెట్టెల్లో సామగ్రి వచ్చింది. ఎలా వాడాలో చూపించినవాళ్లు లేరు, వాడుతున్న బడి ఏదో చెప్పినవాళ్లూ లేరు. చాలా వాటికి తాళ్లు కూడా విప్పలేదు. స్కూల్ కాంప్లెక్సుల ఆలోచన కొఠారీ కమిషన్ నాటిది. దగ్గర్లోని బడులు ఒకదానికొకటి ఆసరాగా ఉండాలనే కదా ఆ ఏర్పాటు! కానీ నేను వెళ్లిన సమావేశాల్లో ఎక్కువ సమయం ఫార్మాట్లు నింపడానికే పోయేది. పక్క బడి మేడమ్ లెక్కలు ఎంత బాగా చెబుతారో పదేళ్లు ఒకే కాంప్లెక్సులో ఉండి కూడా నాకు తెలియలేదు. మదనపల్లె ప్రయాణంలో, బస్సులో ఆవిడ మాటల్లో తెలిసింది.

తిరిగొచ్చాక మొత్తం నిచ్చెన కట్టే శక్తి మాకు లేదు. ఒకటి, రెండు తరగతుల లెక్కలకు మాత్రం కార్డులు రాసుకున్నాం. చింతగింజలు, టమాటా గంపలతో నేను రాసినవి తీసుకెళ్లి, సముద్రం పక్క బడిలో చెప్పే మాస్టారు సగానికి సగం మార్చేశారు. వాళ్ల కార్డుల్లో గవ్వలున్నాయి, చేపల తట్టలున్నాయి, వేలంపాటలో ధర పాడటం ఉంది. వేటకి విరామం ఇచ్చే రోజుల్లో ఖాళీగా ఉన్న ఒక మత్స్యకారుణ్ణి పిలిచి, తూకం కార్డు ఆయన చేతే సరిచేయించారట. నాకు ఆ కార్డు నేను రాసినదానికంటే మెరుగ్గా అనిపించి, కాపీ తెచ్చుకున్నాను.

వచ్చే కాంప్లెక్సు సమావేశం ఆ బడిలోనే. ఉదయం పూట తరగతి నడుస్తుండగా కూర్చుని చూస్తాం, ఫార్మాట్లు మధ్యాహ్నం నింపుకుంటాం అని హెడ్మాస్టరు గారిని ఒప్పించాం.