మిగిలిన ముక్కలు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. కొత్తగా నాటిన కొబ్బరి కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. అంతవరకు తోట కూలిమీద బ్రతికే ఇళ్ల మాటేమిటి? ఆ చింతతోనే మా సంఘ స్త్రీలం ఒక చిన్న పనిశాల పెట్టుకున్నాము. సరుకు కొనకూడదు, పారేసిన వాటితోనే పని చేయాలని అనుకున్నాము.

పారేసినవాటికి మా వైపు కొదువ లేదు. కొబ్బరి డొక్కలు, చిరిగిన వలలు, జీడిపప్పు రేకు డబ్బాలు, పాత చీరలు. యౌవనస్థులు గోడకు తగిలించే బొమ్మలు చేద్దామన్నారు. అప్పుడు ఒక వృద్ధ విధవరాలు, "అవి మనిళ్లల్లో ఏటి సేసుకుంతాం నాయినా?" అని అడిగింది. ఎవరికీ అక్కరలేని వస్తువు చేస్తే అది మళ్లీ చెత్తే కదా!

అందుచేత ముందు ఇంటింటికీ ఏమి కావాలో వ్రాసుకున్నాము. పశువులకు పలుపులు, గుమ్మానికి పట్టలు, చలికి బొంతలు, కోళ్లు పడకుండా ఆకుకూర మడికి కంచె. డొక్కలను నెలల తరబడి నీటిలో నానబెట్టి, కొట్టి, పీచు తీసి తాడు పేనడం ఆ మామ్మకే వచ్చు. ఇన్నాళ్లూ సంఘ సహాయం అందుకొనేవారి పట్టీలో ఉన్న ఆమె ఇప్పుడు మాకు గురువు. రాలిన పీచు పొట్టు కూడా వృథా కాదు. మొక్కల మొదట్లో వేస్తే తడి నిలుస్తుంది. వలలు కంచెకు, చీరలు బొంతలకు సరిపోయాయి. డబ్బాల పదును అంచులు లోపలికి మడిచి పప్పులు దాచుకుంటున్నాము.

రెండింటిని మాత్రం దగ్గరకు రానివ్వలేదు. జీడి పిక్కల తొక్కలోని నూనె చర్మాన్ని కాలుస్తుంది. జీడి కొట్టే అక్కచెల్లెళ్ల వేళ్లే సాక్ష్యం. పురుగుమందు డబ్బాలైతే ఎంత కడిగినా ఇంటికి తేకూడదు.

సొమ్ము సంగతి కూడా ముందే తేల్చుకున్నాము. అమ్మగా వచ్చినదానిలో మొదటి వంతు చేసిన చేతికే. ఈ మాట తరువాత చెప్పుకుందాములే అని వదిలేస్తే స్నేహాలు చెడతాయి.

అయిదు రొట్టెలు పంచిన దినమున ప్రభువు మిగిలిన ముక్కలను కూడా పోగుచేయించాడు. జనులు తృప్తిగా తిన్న తరువాత కూడా ఆయన వాటిని విడువలేదు.

ప్రియ సహోదరీ, మీ ఊరిలో ఇటువంటి పని మొదలుపెట్టదలచితే ముందు పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. వాళ్ల చేతులకు ఏ పని వచ్చునో అడగండి. చెత్త ఎలాగూ ఎక్కడికీ పోదు.