కరెంటు బండీ, మా అమ్మ నడుమూ

హోసూరు ప్రాంతం వారికి మోటారు బండి కొత్త వస్తువు కాదు. 1980లో టీవీయస్ 50 తయారయింది యిక్కడే. 2021లో హోసూరులో ఏథర్ వారి కర్మాగారమూ, పోచంపల్లి దగ్గర ఓలా వారిదీ మొదలై కరెంటు స్కూటర్లు వస్తున్నాయి. అయినా చెరువు గట్టున కాపురమున్న ప్రతివాడికీ ఈత రాదు గదా! నేనూ అంతే. గుమాస్తా వుద్యోగం, యెస్సెల్సీ చదువు.

కిందటేడు కరెంటు మోటారు సైకిలొకటి కొన్నాను. (కంపెనీ పేరెందుకు లెండి.) మోత లేదు, అదురు లేదు. మోత లేని బండికి ఒక గుణమున్నది: పెట్రోలు బండిలో యింజను చప్పుడులో కలిసిపోయే కిర్రులూ టకటకలూ దీనిలో స్పష్టంగా వినబడతాయి.

మా అమ్మకు డెబ్బై దాటాయి, వెన్నుపూస అరిగింది. వారానికి రెండుసార్లు మత్తిగిరి నుంచి హోసూరుకు వైద్యానికి తీసుకుపోవాలి. బండి మీద రావచ్చు గాని కుదుపు తగలరాదన్నారు డాక్టరుగారు. ప్రతి స్పీడు బ్రేకరు దగ్గరా వెనక షాకబ్సార్బరు అడుగంటా కుంగి ఠంగుమనేది. మూడోవారం అమ్మ, "నేను రానురా నాయనా, యీ నొప్పే మేలు" అని కూర్చున్నది. రోజూ ఆటోకు నా జీతం చాలదు.

హోసూరులో ఒక మెకానిక్కు బండిని కాక, ముందు మా అమ్మ బరువెంత అని అడిగాడు. "అన్నా, ఒక్కరి బరువుకు పెట్టిన స్ప్రింగు యిద్దర్ని యెట్లా మోస్తుంది?" అన్నాడు. వెనక చక్రం గాలిలో వేలాడేటట్లు యెత్తి, యిరుసు నుంచి సీటు కింది దాకా టేపు పెట్టాడు. మే మిద్దరం కూర్చున్నాక మళ్ళీ కొలిచాడు. చక్రం కదలగల దూరంలో యించుమించు మూడోవంతు కుంగడం న్యాయమట; మాది సగం దాటింది. స్ప్రింగు మీది మెట్ల రింగును కొక్కెం స్పానరుతో రెండు మెట్లు బిగించాడు. అట్లా బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. గట్టిపడదు. బండి కాస్త యెత్తున నిలిచి, గుంత వచ్చినప్పుడు కుంగేందుకు చోటు మిగులుతుంది, అంతే. పాత జట్కాల కమాను పట్టీలకు యీ సౌకర్యం లేదు.

ఇంకొక సంగతీ అతనే చెప్పాడు. కరెంటు బండిలో యాక్సిలరేటరు వదలగానే మోటారే బ్రేకు పట్టి కరెంటును బ్యాటరీకి తిరిగి పంపుతుంది. అప్పుడు ముందు ఫోర్కు కుంగి, వెనక కూర్చున్న మనిషి ముందుకు తూలుతుంది. అందుకని ఆ పట్టును అన్నిటికన్న తక్కువకు పెట్టించాను. చెయ్యి కూడా మెల్లగా వదులుతున్నాను.

ఆఫీసుకు ఒక్కణ్ణే పోయేటప్పుడు అదే బిగువు రాళ్ళమీద స్వారీ లాగుంటుంది. కనుక సోమ, గురువారాలు పొద్దున బిగించడం, సాయంత్రం వదలడం. ఆ స్పానరు బండితోపాటే యిచ్చి, రెండు ముక్కలు చెప్పి పంపితే కంపెనీల సొమ్మేం పోయింది?

అమ్మ యిప్పుడు వస్తున్నది. కాకపోతే వెనక యెత్తు పెరిగింది గనుక బండిని అరుగు పక్కన ఆపి యెక్కించుకోవాలి.