నాక్సోస్ దీవిలో రెండు సైకిళ్లు

కాలెండరు బొమ్మల్లో మనం చూసే గ్రీసు ద్వీపం, ఆ తెల్లగోడలు, నీలి గుమ్మటాలు, కింద లోతుగా సముద్రం, చాలావరకు సాంతోరినిది. నేను చెప్పబోయేది దానికి ఉత్తరాన ఉన్న నాక్సోస్ సంగతి. సిక్లడీస్ అనే దీవుల గుంపులో ఇదే పెద్దది. సుమారు 430 చదరపు కిలోమీటర్లు. వెయ్యి మీటర్ల ఎత్తున్న జాస్ కొండ ఒకటి, ఆ కొండల నడుమ పండే లోయలు, ఇవి దీని భాగ్యం. ఇక్కడి బంగాళాదుంపలకూ చీజుకూ గ్రీసు దేశమంతటా పేరుంది. యాత్రికుల రాక మీదనే బతకవలసిన దీవి కాదు గనుక, లోపలి ఊళ్లలో మనిషి ముఖాన కాస్త తీరిక కనిపిస్తుంది.

జర్మనీలో చదువుతున్న మా అమ్మాయిని చూడబోయిన నాకు ఈ యోగం అనుకోకుండా పట్టింది. అక్కడికి తీసుకున్న వీసాయే గ్రీసుకూ చెల్లుతుంది. ఏథెన్సు రేవయిన పిరేయస్‌లో పెద్ద ఓడ ఎక్కితే ఐదు గంటల పైచిలుకు ప్రయాణం. సెప్టెంబరు నెల. ఎండాకాలపు రద్దీ తగ్గింది, సముద్రం మాత్రం ఇంకా చల్లబడలేదు.

రేవులోకి ఓడ వస్తూండగానే కనిపించేది ఒక వాకిలి. ఇల్లు లేదు, కప్పు లేదు. చలువరాతి ద్వారబంధం ఒక్కటే ఆకాశంలోకి తెరుచుకుని ఉంది. పొర్తారా అంటారు దాన్ని. లిగ్డమిస్ అనే పాలకుడు క్రీ.పూ. 530 ప్రాంతంలో మొదలుపెట్టిన గుడి తాలూకు గుమ్మం. ఆయన ప్రాభవం పోవడంతో గుడీ ఆగిపోయింది. ఎన్నో శతాబ్దాలకు వచ్చిన వెనిసువాళ్లు రాళ్లు ఊడదీసి ఊళ్లో కోట కట్టుకున్నారు గాని, ఈ గుమ్మం రాళ్లు ఎంతకీ కదలక వదిలేశారు. అరియాడ్నీ అనే రాచకన్యను థీసియస్ నిద్రలో విడిచి ఓడెక్కి పోయింది ఈ దీవిలోనేనని కథ. నలుడు దమయంతిని అడవిలో వదిలిపోయిన ఘట్టాన్ని ఏటేటా క్లాసులో చెప్పుకునే నాకు, పరాయి దేశంలో ఎవరో మన ఊరి మనిషి ఎదురైనట్టయింది.

మర్నాడు సైకిళ్లు అద్దెకు తీసుకున్నాం. చిన్నతనంలో గంటకింతని అద్దెకు తెచ్చుకుని, అమ్మ చూడకుండా వెనకవీధిలో తొక్కిన సైకిలు వేరు, ఇది వేరు. బొటనవేలంత ఎత్తు గళ్లున్న లావుపాటి టైర్లు, ముందు చక్రానికి గతుకులు మింగే స్ప్రింగులు, చక్రం మధ్య పళ్లెం లాంటి బ్రేకు. అన్నిటికంటే చిన్న గేరులో వేస్తే కాళ్లు గిరగిరా తిరుగుతాయి, బండి మాత్రం నత్తలా సాగుతుంది. కాని సాగుతుంది! ఎంత నిటారు ఎక్కుడైనా ఆయాసం మాటలాడలేనంత పెరగదు. అద్దెకిచ్చినాయన నాకు రెండు మాటలు చెప్పాడు. దిగుడులో సీటు మీద కూర్చోకు, పెడళ్ల మీద నిలబడి ఒళ్లు వెనక్కి వాల్చు. ముందు బ్రేకు ఒక్కదాన్నే గట్టిగా పట్టకు, పల్టీ కొడతావు. రెండో మాట ఆ మూడు రోజులూ నాకు తారకమంత్రమైంది.

మొదటి రోజు హల్కీ, ఫిలోటి గ్రామాల దాకా. ఆలివు తోటలు, వాటి మధ్య చిన్న చిన్న చర్చిలు. హల్కీలో మన దబ్బపండు చుట్టమైన ఒక చెట్టు ఆకుల నుంచి కిత్రోన్ అనే మద్యం దించుతారు. నేను ఆకు నలిపి వాసన చూసి సంతృప్తి పడ్డాను.

రెండో రోజు ప్రయాణమే నాకు మనసులో నిలిచింది. సాంగ్రి అనే ఊరు దాటి పొలాల మధ్య డిమీటర్ గుడికి చేరాం. ధాన్యానికి అధిదేవత ఆమె. గుడి మొత్తం చలువరాయే. కప్పు పెంకులు సైతం పల్చటి చలువరాతివి, లోపలికి వెలుతురు దిగేదట. తర్వాత చర్చి అయింది, తర్వాత శిథిలమైంది. చెదిరిన రాళ్లను ఏరి 1990ల్లో కొంతమేరకు మళ్లీ నిలబెట్టారు.

డిమీటర్ కూతురు పెర్సిఫోనీని పాతాళరాజు ఎత్తుకుపోతాడు. తల్లి పైరు పచ్చలు మానేసి భూమంతా తిరుగుతుంది. లోకం మాడిపోతుంటే చివరికి దేవతలు రాజీ చేస్తారు: ఏడాదిలో మూడోవంతు అక్కడ, రెండు వంతులు అమ్మ దగ్గర. పుస్తకాల్లో ఆ మూడోవంతు చలికాలమని రాస్తారు. కాని ఈ దీవిలో కోతలు మే, జూన్ నెలల్లో అయిపోతాయి, విత్తడం శరదృతువు తొలివానల తర్వాత. బీడుపడి ఉండేది ఎండాకాలమే. మేము చూసినప్పుడు చుట్టూ నేల తేనెరంగుకు తిరిగి, కాలు పెడితే గరగరలాడుతోంది. పిల్ల ఇంకా రాలేదన్నమాట.

ఆ నీడలో కూర్చుని రొట్టె తింటూండగా అమ్మాయి అంది, "అమ్మా, అక్కడే ఉద్యోగం వచ్చింది. చేరతాననుకుంటున్నా."

"మరి ఇంటికి?"

"ఏడాదికో నెల వస్తాగా."

"ఆ పాతాళరాజే నయం," అన్నాను. "ఎనిమిది నెలలు సెలవిచ్చాడు."

అది నవ్వింది. నేనూ నవ్వాను. రొట్టె మాత్రం కాసేపు గొంతు దిగలేదు.

అక్కడినుంచి పడమటికి మట్టిదోవలు. ఇరుపక్కలా సున్నం లేకుండా పేర్చిన రాతిగోడలు, వాటి మీద మేకలు, గాలినిండా కొండమొక్కల ఘాటు. గులకరాళ్ల మీద చక్రం జారినప్పుడల్లా గుండె నోట్లోకి వచ్చేది. అలికో దగ్గర సముద్రం కనిపించింది. అక్కడ సగం కట్టి వదిలేసిన హోటలొకటి గోడలనిండా రంగుబొమ్మలతో నిలిచి ఉంది. దాని కిందే ఇసుక. బట్టలతోనే నీళ్లలోకి దిగాను. మోకాళ్ల నొప్పి, చేతుల తిమ్మిరి నీళ్లలో కరిగిపోయాయి. అడుగున నా కాలివేళ్లు లెక్కపెట్టుకునేటంత తేట నీళ్లు!

ఆ పైన మిక్రి విగ్లా, అక్కడ పెద్ద గాలిపటం పట్టుకుని అలల మీద జారే కుర్రాళ్లు. తర్వాత నాలుగు కిలోమీటర్ల పొడవున సాగే ప్లాకా తీరం. వేయించిన బంగాళాదుంపలూ టమాటా ముక్కలూ తిని మళ్లీ ఎక్కాం. ఇక్కడ పడమటి తీరం వెంట ఊరికి పోవడమంటే ఉత్తరానికి పోవడం. ఎండాకాలమంతా ఈ దీవుల మీద వీచే మెల్టెమి గాలి వచ్చేదీ ఉత్తరం నుంచే. చదును దోవ అయినా కొండెక్కినట్టే ఉంది. రెండుసార్లు దిగి నడిపించాను.

మూడోసారి దిగబోతుంటే అమ్మాయి ముందుకు వచ్చి, "అమ్మా, నా వెనక చక్రానికి దగ్గరగా రా, గాలి నీకు తగలదు," అని వేగం తగ్గించింది. నిజమే, దాని వీపు వెనక గాలి సగానికి సగం తగ్గిపోయింది. అగియా అన్నా, అగియోస్ ప్రొకోపియోస్, ఊరి దీపాలు. అంతదాకా ఆ చక్రానికి బారెడు దూరంలోనే వచ్చాను.