మారు మనుష్యులు - మారని పాట

పద్యములు చెప్పు పంతులుకు రాక్ సంగీతముతో నేమి పని యని నా విద్యార్థులు నవ్వవచ్చును. అయినను 'ది క్యూర్' అను ఆంగ్ల వాద్యబృందపు చరిత్ర నాకు మిక్కిలి ఇష్టము.

దక్షిణ ఇంగ్లండులోని క్రాలీ పట్టణమున బడి స్నేహితులు దానిని నెలకొల్పిరి. 1979లో వారి మొదటి ఆల్బము వెలువడెను. నాటినుండి విడువక నిలిచినవాడు గాయకుడు రాబర్ట్ స్మిత్ ఒక్కడే. బేస్ గిటారు వాయించు సైమన్ గాలప్ 1982లో వెడలిపోయి, కొన్నేండ్లకు మరల వచ్చెను. చిన్ననాటి మిత్రుడు లాల్ టాల్‌హర్స్ట్ 1989లో తొలగింపబడెను. పిదప వ్యాజ్యము కూడ నడచెను. అయినను 2011లో కొన్ని కచేరీలలో అతడు వారితో కలసి వాయించెను. 2019లో అమెరికాలోని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వారిని గౌరవించినపుడు, విడిచిపోయినవారి పేర్లును అందు చేరెను. 2008 తరువాత 16 ఏండ్లకు, 2024లో, క్రొత్త ఆల్బము వచ్చి బ్రిటనులో ప్రథమస్థానము నందెను.

ఇందరు మారినను బృందమెట్లు నిలిచినది? ఒకడు కదలక యుండెను. వచ్చిన ప్రతివాడును పాత పాటలు నేర్చుకొనెను.

అన్యభాషా ప్రాంతమున మన తెలుగు తరగతియు నిట్టిదే. ఏటేట పిల్లలు వెళ్లుదురు. పొరుగు రాష్ట్రమున శిక్షణ పొంది వచ్చిన నేనును ఒకనాడు వెళ్లుదును. కదలక నిలువవలసినది ఇల్లే. కావున తల్లిదండ్రులారా, ఇంట బిడ్డలతో తెలుగున మాటలాడుడు. బడి విడిచిన విద్యార్థులారా, హాజరుపట్టీలో పేరు లేకున్నను మీరు మావారే. మరల వచ్చునాటికి పాట మరవకుడు.